కంప్యూటరునకు ఏ భాష వచ్చును?

తలిదండ్రులు తమ బిడ్డల చదువును గూర్చి మాటలాడుటకు పాఠశాలకు వచ్చినపుడు తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. “మావాడు కంప్యూటర్ చదవాలండీ. దానికి ఇంగ్లీషే గదండీ కావాల్సింది. తెలుగు సంగతి ఎట్లా ఉన్నా ఫరవాలేదు” అని వారందురు. మిరపచేలలోను, పత్తిచేలలోను ఎండకు కాగి, ఆ కష్టార్జితముతో పిల్లలను చదివించుచున్న వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. కంప్యూటరు పని నేర్చి హైదరాబాదునకో, అమెరికాకో పోయి కుదురుకొనిన యువకులను వారు కన్నులార చూచుచున్నారు. అయినను ఆ మాటలో కొంత నిజమును, కొంత పొరపాటును కలిసియున్నవి. ఆ రెంటిని విడదీసి చూపుటకే యీ వ్యాసము వ్రాయబడుచున్నది.

మొదట యంత్రము సంగతి విచారింతము. కంప్యూటరునకు ఇంగ్లీషు రాదు, తెలుగును రాదు. దాని గర్భములో కోట్లకొలది మిక్కిలి సూక్ష్మములైన విద్యుత్తు మీటలు కలవు. ఒక్కొక్క మీట వేసియైన నుండును, తీసియైన నుండును. వేసినదానిని 1 అనియు, తీసినదానిని 0 అనియు మనము వ్రాసికొందుము. ఇట్టివి ఎనిమిది చేరిన వరుసకు బైటు అని పేరు. యంత్రమునకు తెలిసిన దంతయు నింతే. మనము వ్రాయు ఉత్తరముగాని, పాడు పాటగాని, తీయు ఛాయాచిత్రముగాని దాని కడ 1, 0ల వరుసగానే నిలిచియుండును. కావున ఏ భాషయొక్క అక్షరమైనను యంత్రములోనికి పోవలెనన్నచో, ముందుగా దానికొక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యను లోకములోని వారందఱును ఒప్పుకొనవలెను. వీధిలోని ఇండ్లకు నంబర్లు వేసినగాని తపాలా జవాను ఉత్తరము చేర్చలేడు గదా!

ఈ నంబర్లు వేయు పని అమెరికాలో జరిగెను. 1963లో అచటివారు ఆస్కీ అను పట్టిక నేర్పఱచి, 1967లో దానిని సవరించి చిన్నబడి అక్షరములను గూడ చేర్చిరి. ఆ పట్టికలో 128 స్థానములు మాత్రమే కలవు. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, టెలిప్రింటరునకు కావలసిన కొన్ని సంజ్ఞలు, వీనితోనే పట్టిక నిండిపోయెను. ఫ్రెంచివారు తమ అక్షరములపై పెట్టుకొను చిన్న గీతలకే అందు చోటు దొరకలేదు. ఇక మన ఒత్తుల మాట చెప్పనేల? మన దేశమున 1988లో ఇస్కీ అను పట్టిక సిద్ధమై భారతీయ లిపులకు స్థానములు చూపెను. తరువాత, ప్రపంచములోని లిపులన్నిటికిని ఒకే పట్టిక యుండవలెనను తలంపుతో పుట్టిన యూనికోడు 1991లో వెలువడినపుడు, ఆ ఇస్కీ క్రమము ననుసరించియే తెలుగునకు 128 స్థానము లీయబడెను. ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ సంఖ్య 65. మన ‘అ’ సంఖ్య 3077.

ముందు వచ్చినవారు ముందు బల్లపై కూర్చుండిరి. దీనిలో కుట్ర యేమియు లేదు. అయినను వెనుక బల్లవారికి కలిగిన నష్టము మాత్రము లెక్కకు వచ్చునదే. ఇంటర్నెట్టులో నేడు అంతటను వాడుకలోనున్న పద్ధతి ప్రకారము ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. తెలుగు వర్ణమున కొక్కొక్కదానికి మూడు బైట్లు కావలెను. ‘స్త్రీ’ అను మాటను చూడుడు. మనకది ఒక్క అక్షరము. యంత్రమున కది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, అని ఆరు వర్ణములు. ఆరు మూళ్లు పదునెనిమిది బైట్లు. మొబైలు ఫోనులలో పంపు పొట్టి సందేశముల సంగతియు నట్టిదే. ఒక సందేశమునకు 140 బైట్లు మాత్రమే హద్దు. ఇంగ్లీషులో వ్రాసినచో అందులో 160 అక్షరములు పట్టును. తెలుగులో వ్రాసినచో 70 వర్ణములకే నిండిపోయి, రెండవ సందేశపు ఖర్చు పడును. పొదుపరులైన మనవారు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుట కలవాటుపడుటకు ఇదియు నొక కారణమే.

2018 ఫిబ్రవరిలో జరిగిన విచిత్రము నొకదానిని ఇచ్చట చెప్పవలెను. ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో ‘జ్ఞా’ అను నక్షరము ఒకానొక విధముగా కూర్చబడి సందేశములో వచ్చినచో, దానిని చూపబోయిన కార్యక్రమము తటాలున ఆగిపోవుచుండెను. ఎవరైన వేడుకకో, కొంటెతనముతోనో ఆ యొక్క అక్షరము పంపిన చాలును, అందుకొన్నవాని ఫోను చిక్కులో పడెడిది. ఆ సంస్థవారు ఆ నెలలోనే దానిని సరిచేసిరి. లోకమున కిది నవ్వుటకు తగిన వార్త. కాని జ్ఞానమనుటకును, విజ్ఞానమనుటకును మనకు తప్పని అక్షరమది. దానిని ప్రతిదినము వ్రాసికొనువారు ఆ ఫోనులను పరీక్షించు చోట తగినంతమంది యుండియున్నచో, ఆ లోపము ముందుగనే పట్టుబడి యుండెడిదని నా యభిప్రాయము.

అక్షరమునకు సంఖ్య నిచ్చినంతమాత్రమున అది తెఱపైకి రాదు. దానిని కొట్టుటకు సాధనము కావలెను. చూపుటకు ఫాంటు, అనగా అక్షరముల అచ్చు, కావలెను. ఈ రెండును తెలుగునకు ఎట్లు సమకూరినవో మన విద్యార్థులు తెలిసికొనదగిన కథ.

1990 ప్రాంతమున అమెరికాలో చదువుచు, ఉద్యోగములు చేయుచు నుండిన తెలుగువారికి ఇంటర్నెట్టు మనకంటె ముందుగ అందుబాటులోనికి వచ్చెను. వారచట తెలుగువారికొఱకు ఒక చర్చావేదిక నేర్పఱచుకొని పద్యములను గూర్చియు, వంటలను గూర్చియు, రాజకీయములను గూర్చియు వాదించుకొనుచుండిరి. కాని వారి యంత్రములలో తెలుగు అక్షరము లేదు. అప్పుడు హ్యూస్టను నగరములోని రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతోనే తెలుగును తప్పులేకుండ వ్రాయు నొక పద్ధతిని కల్పించిరి. చిన్న ‘టి’ కొట్టినచో త, పెద్ద ‘టి’ కొట్టినచో ట. చిన్న ‘డి’ ద, పెద్ద ‘డి’ డ. చిన్న ‘ఎన్’ న, పెద్దది ణ. ఇంగ్లీషువారు వాక్యారంభమునకును, పేర్లకును మాత్రమే వాడుకొను పెద్దబడిని మనవారు మూర్ధన్యముల కుపయోగించుకొనిరి. ఆ విశ్వవిద్యాలయము పేరనే దానికి రైస్ పద్ధతియని పేరు వచ్చెను. నేడు మీలో అనేకులు కంప్యూటరుపై తెలుగు కొట్టుచున్నది ఆ పద్ధతియొక్క సంతతితోనే.

ఫాంట్ల కథ మఱియొకటి. తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్టులోనికి వచ్చిన తొలిదినములలో ఏ పత్రిక ఫాంటు ఆ పత్రికదే. ఒక పత్రికలో ‘క’ అను దాని సంఖ్య మఱియొక పత్రికలో ‘ప’ కావచ్చును. ఫాంటు లేనివారికి ఆ పుటలు పిచ్చిగీతలవలె కనబడెడివి; వెదకుటకును వీలులేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు యూనికోడు ఫాంటు కూడ వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన యను పేర్లతో రెండు ఫాంట్లను తయారుచేసి అందఱకు ఉచితముగా నిచ్చిరి. వెన్న నాగార్జునగారు పద్మ అను సాధనమును నిర్మించి, పత్రికల పాత ఫాంట్లలో చిక్కుకొనియున్న తెలుగును యూనికోడులోనికి మార్చి చదువుకొను మార్గము చూపిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినవారును ఆయనయే. మొదట శూన్యప్రాయముగ నుండిన ఆ విజ్ఞానసర్వస్వమున నేడు లక్షకు పైగా వ్యాసములు కలవు. వీవెన్ అను కలముపేరు గలవారు లేఖినియను ఉపకరణము నిర్మించి, ఎవరైనను తెలుగు వ్రాయుటకు వీలు కల్పించిరి. వీరికెవరును జీతమిచ్చి ఈ పనులు చేయింపలేదు. పగలు ఇంగ్లీషులో ఉద్యోగము చేసి, రాత్రులు తెలుగుకొఱకు కూర్చుండినవారి కష్టమది.

ఇక ప్రోగ్రాముల సంగతికి వత్తము. ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనులను వరుసగా వ్రాసిన ఆజ్ఞాపత్రము. 1, 0లతో ఆజ్ఞలు వ్రాయుట మనుష్యులకు దుస్సాధ్యము గనుక, చదువుటకు వీలైన మాటలతో వ్రాసి, వానిని 1, 0లుగా మార్చు పనిని మఱియొక ప్రోగ్రామునకు అప్పగించిరి. ఇట్టి పనికి మార్గదర్శకులైనవారిలో గ్రేస్ హాపర్ అను అమెరికను విదుషీమణి యొకరు. 1950వ దశకమున ఆమె ఇంగ్లీషు మాటలతో నడచు ప్రోగ్రాము నొకదానిని చేసి, ఆ మాటలను మార్చి అదియే ప్రోగ్రామును ఫ్రెంచిలోను, జర్మనులోను గూడ నడపి తన సంస్థ పెద్దలకు చూపెను. యంత్రమున కన్ని భాషలు నొకటే యని నిరూపించుట ఆమె ఉద్దేశము. పెద్దలు సంతోషించుటకు మాఱుగా బెదరిరి. అమెరికాలో చేసిన యంత్రమునకు ఫ్రెంచి, జర్మను భాషలు వచ్చుట అసంభవమని వారికి తోచెను. ఇంగ్లీషుతో మాత్రమే పని చేయుదునని ఆమె మాట యిచ్చిన తరువాతగాని ఆ యలజడి తగ్గలేదని ఆమెయే తరువాత సభలలో చెప్పుచుండెను. కావున ప్రోగ్రాములలో ఇంగ్లీషు నిలుచుటకు కారణము యంత్రము కాదు. యంత్రమును కొన్నవారును, అమ్మినవారును.

మఱి ఆ ఇంగ్లీషు ఎంత? ఇది తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన విషయము. నేడు పాఠశాలలలో నేర్పుచున్న పైథాను అను భాషలో కట్టుబడి యున్న మాటలు 35 మాత్రమే. 1989 నాటి ప్రమాణము ప్రకారము సీ అను భాషలో 32. ఇఫ్ అనగా ‘అయినచో’. ఎల్స్ అనగా ‘కానిచో’. వైల్ అనగా ‘అయినంతసేపు’. ఎక్కములు వల్లెవేయగలిగిన పిల్లవాడు వారము దినములలో వీనినన్నిటిని నేర్చుకొనగలడు. 2008లో వెలువడిన పైథాను 3 మొదలుకొని, మనము లెక్కలో పెట్టుకొను రాశులకు తెలుగు పేర్లే పెట్టుకొనవచ్చును. ‘మొత్తము’ అనియు, ‘ధర’ అనియు వ్రాసినచో యంత్రము ఆక్షేపింపదు. ౨౫ అని తెలుగు అంకెలతో వ్రాసిన పదమును సంఖ్యగా మార్చుమన్నను అది ఇరువదియైదుగా గ్రహించును.

అయితే ఆ 35 మాటలను తెలుగు చేసినంతనే అది తెలుగు ప్రోగ్రామగునా? కాదని నా భావము. ఇంగ్లీషులో నియమమును తెలుపు మాట వాక్యమునకు ముందు వచ్చును. తెలుగులో అది క్రియను అంటిపెట్టుకొని చివర వచ్చును. “వాన కురిసినచో గొడుగు తీసికొనుము” అందుము గాని ‘చో’ను తెచ్చి మొదట పెట్టము. “రెండును మూడును కూడుము” అందుము. రెండు ‘కూడుము’ మూడు అనము. వింతయేమన, సరిగా మన వాక్యమువలెనే క్రియను చివర నుంచుకొను ప్రోగ్రాము భాషలు గూడ కలవు. 1970 ప్రాంతమున చార్లెస్ మూర్ అను నతడు చేసిన ఫోర్త్ అను భాషలో 2 3 + అని వ్రాయవలెను. రెండు, మూడు, కూడుము! జపానువారి భాషలోను మనవలెనే క్రియ చివర వచ్చును గనుక, వారు ఫోర్త్ పద్ధతిని ఆధారముచేసికొని మైండ్ అను జపాను భాషా ప్రోగ్రాము విధానమును కల్పించుకొనిరి. రష్యాలో వ్యాపారపు లెక్కలకొఱకు రష్యను మాటలతోనే వ్రాయు 1సీ అను విధానము విస్తారముగా వాడుకలోనున్నది. మన పొరుగున తమిళులకు ఎళిల్ అను పేర పిల్లలు నేర్చుకొనుటకు తగిన తమిళ ప్రోగ్రాము భాష యొకటి కలదు. ఇట్టి ప్రయత్నములు శ్లాఘనీయములే గాని, ఉద్యోగమునకు పోవు యువకుడు చివర కింగ్లీషు మాటల భాషనే వాడవలసియుండుటచే అవి అంతగా వ్యాపింపలేదు.

భాషాభేదము మాటలలోకంటె ఉదాహరణలలో ఎక్కువగా బాధించును. తిరుగవేసి చదివినను మారని పదమును గుర్తించుట ప్రోగ్రాములు నేర్చువారికి తొలిదినములలో నిచ్చు అభ్యాసములలో నొకటి. ఇంగ్లీషు పుస్తకములలో ‘మేడమ్’ అను మాటను చూపుదురు. ఆంధ్ర బాలుడు వెంటనే తెనాలి రామకృష్ణుని తలంచుకొని ‘వికటకవి’ అని కొట్టును. పుస్తకములో చెప్పినట్లే చేసినను యంత్రము “కాదు” అని బదులిచ్చును! ఏల? యంత్రము కడ ‘వి’ ఒక్కటి కాదు. ‘వ’ వేఱు, గుడి వేఱు. వెనుకనుండి చదివినపుడు గుడి ముందును, ‘వ’ వెనుకను వచ్చును, పొందిక తప్పును. తప్పు బాలునిది కాదు, వికటకవిదియు కాదు. ఒక అక్షరమున కొక సంఖ్యయని తలంచి ఇంగ్లీషున వ్రాసిన పాఠమును తెలుగునకు అట్లే తగిలించుటలో నున్నది తప్పు. మొదట గుణింతములను, ఒత్తులను హల్లులతో చేర్చి వి, క, ట, క, వి అని అక్షరములుగా మూటకట్టుమని ఆజ్ఞాపించి, పిమ్మట తిరుగవేయుమన్నచో యంత్రము “ఔను” అనును. ఈ మూటకట్టు పనిని మన పైతరగతుల విద్యార్థులు స్వయముగా వ్రాసి చూడవచ్చును. గురులఘువులను గుర్తించి పద్యమునకు గణవిభజన చేయు ప్రోగ్రామునకు అదియే మొదటి మెట్టు.

ఇప్పుడు తలిదండ్రుల మాటలోని నిజమైన సగమునకు వచ్చితిమి. 35 మాటలు గుమ్మము వంటివి. గుమ్మము దాటిన తరువాత నున్న యిల్లంతయు ఇంగ్లీషే. ప్రోగ్రాములో చిన్న తప్పు దొరలినచో యంత్రము చూపు హెచ్చరిక ఇంగ్లీషు. దాని యర్థము వెదకినచో దొరకు వివరణ ఇంగ్లీషు. ఆ భాషను నిర్మించినవారు వ్రాసిన గ్రంథము ఇంగ్లీషు. లోకములోని ప్రోగ్రాము రచయితలు ఒకరినొకరు ప్రశ్నించుకొను వేదికలలో ప్రసిద్ధమైన స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో ఇంగ్లీషున మొదలై, తరువాత పోర్చుగీసు, రష్యను, జపాను, స్పానిషు భాషలలో శాఖలు తెఱచెను. 2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు మన దేశమున 8 కోట్ల 11 లక్షలు. హిందీ, బెంగాలీ, మరాఠీల తరువాత నాలుగవ స్థానము. అయినను తెలుగున అట్టి శాఖ లేదు. ప్రశ్న అడుగుటకు గూడ ఇంగ్లీషు కావలెను. లెక్కలలో చుఱుకైన బాలుడు వాక్యము తప్పుపోవునేమోయని సిగ్గుపడి ప్రశ్నయే అడుగక ఊరకుండును. వాని బుద్ధికి లోటు లేదు. అడుగుటకు నోరు లేదు. ఇట్లు నోరు విప్పక వెనుకకు తగ్గినవారు మన పల్లెలలో ఎందఱు కలరో ఎవరును లెక్క వేయలేదు.

దీనికి మందుగా కొందఱు చదువంతయు ఇంగ్లీషులోనే నడుపవలె నందురు. 2019 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు బోధన ప్రవేశపెట్టుటకు ఉత్తర్వులీయగా, 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేసెను. మఱియొక వైపు, 2021లో ఎనిమిది రాష్ట్రములలోని 14 ఇంజనీరింగు కళాశాలలు తెలుగుతో గూడ ఐదు దేశభాషలలో బోధన ప్రారంభింప నున్నవని ప్రధానమంత్రి ప్రకటించెను. ఈ వివాదములో పక్షము వహించుట యీ వ్యాసమునకు పని కాదు. ఇంగ్లీషు నేర్వవలదని యెవరు చెప్పినను వినకుడు; అది బాగుగ నేర్వవలసిన భాష. కాని ఇంగ్లీషు వచ్చువఱకు ఆలోచన ఆపుకొని కూర్చుండవలెననుట వేఱు, ఇంగ్లీషు నేర్చుకొనుచునే తెలుగున ఆలోచించుట వేఱు.

ఈ చిక్కు మనకు క్రొత్తదియు కాదు. పదునొకండవ శతాబ్దమున, నన్నయ కాలమువాడని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యులు సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆనాడు శాస్త్రమునకు సంస్కృతమే నేటి ఇంగ్లీషు. మన మతబోధకుల చరిత్రయు నట్లే సాక్ష్యమిచ్చుచున్నది. 1818 నాటికే క్రొత్త నిబంధన తెలుగున అచ్చుపడినది. వినువారు ముందు గ్రీకు నేర్చుకొని రావలెనని ఆ బోధకులు కోరలేదు. తామే తెలుగు నేర్చుకొనిరి. పెంతెకొస్తు దినమున ఎవరి భాషలో వారు వినిరని మనము ఆదివారపు బడిలో చెప్పుకొనుచున్నదే గదా.

అన్నిటికంటె మనకు దగ్గఱి యుదాహరణము మన మునేటి యొడ్డుననే కలదు. 1877లో పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఇంగ్లీషు, సంస్కృతము, మరాఠీ మొదలగు భాషలలో పండితులై, ఎం.ఏ. పట్టము పొందినవారు. వారు తలచినచో ఇంగ్లీషున గ్రంథములు వ్రాసి పేరుపొందగలిగెడివారు. కాని 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రములను, ప్రకృతిశాస్త్రములను తెలుగున వ్రాయించి ప్రకటించిరి. ఆ పనిలో వారికి తోడ్పడినవారిలో నందిగామయందు జన్మించి, తరువాత ఆంధ్రప్రదేశ శాసనసభకు మొదటి సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావుగారొకరు. పిమ్మట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువడినంతలో 1923లో స్వర్గస్థులైరి. ఆయన విడిచిన చోటికి ఎనుబది యేండ్ల తరువాత తెలుగు వికీపీడియా వచ్చినదని నేను తలంతును. ఆనాడాయన తెలుగున శాస్త్రము వ్రాయుటకు మాటలు చాలవని వాదించినవారికి బదులుగా వ్రాసియే చూపెను. కంప్యూటరు శాస్త్రమునకు అట్టి మండలి యింకను ఏర్పడలేదు.

2022 నవంబరు తరువాత వచ్చిన చాట్‌జీపీటీ వంటి యంత్రములను మీరు చూచియుందురు. ఇవి తెలుగున అడిగిన ప్రశ్నకు తెలుగుననే బదులిచ్చుచున్నవి గదా, ఇక చింతయేల అని కొందఱందురు. వాని వలన మేలు కలదు. సిగ్గరియైన బాలునికి నోరు వచ్చినట్లయినది. అయితే అవి మాటలు నేర్చినది మనుష్యులు వ్రాసిపెట్టిన దానినుండియే. అందులో సింహభాగము ఇంగ్లీషు, తెలుగు స్వల్పము. తెలుగు వాక్యమును అవి ఇంగ్లీషు వాక్యముకంటె ఎక్కువ ముక్కలుగా నరికి జీర్ణించుకొనును. కాలమును, ఖర్చును అంత పెరుగును. వాని తెలుగు కొన్నిచోట్ల చక్కగను, కొన్నిచోట్ల ఎవరో తొందరలో అనువదించినట్లును ఉండును. మనము వ్రాయనిదానిని అవి మనకు తిరిగి చెప్పలేవు.

మన కంప్యూటరు గదిలో ఈ సంవత్సరము మేమొక చిన్న పని మొదలుపెట్టితిమి. ఒక దళసరి నోటుపుస్తకము నుంచి, ప్రోగ్రాము వ్రాయునపుడు యంత్రము చూపిన ఇంగ్లీషు హెచ్చరికను ఎడమ పుటలో వ్రాసి, దాని భావమును తమ మాటలలో కుడి పుటలో వ్రాయుమని విద్యార్థులతో చెప్పితిని. నిఘంటువు చూచి చేసిన అనువాదము నేను ఒప్పుకొనను. తప్పు ఎచ్చట జరిగినదో తెలిసినట్లు వ్రాయవలెను. ‘నేమ్ ఎఱ్ఱర్’ అను దానికి ఒక తొమ్మిదవ తరగతి బాలిక “నీవు పేరు పిలిచినవాడు ఈ తరగతిలో చేరనేలేదు” అని వ్రాసెను. ‘ఇండెంటేషన్ ఎఱ్ఱర్’ అను దానికి “వరుసలో నిలుచుండవలసినవాడు ఒక అడుగు ప్రక్కకు నిలిచినాడు” అని మఱియొకరు. ‘ఇండెక్స్ ఎఱ్ఱర్’ అను దానికి “బల్లపై పదిమందియే యుండగా పదునొకండవవానిని లెమ్మనుచున్నావు” అని వేఱొకడు వ్రాసి, క్రింద చిన్న యక్షరములతో “లెక్క సున్న నుండి మొదలగును, మరువకుడు” అని చేర్చెను. వీనిని చదివిన పిల్లలు మరల ఆ హెచ్చరిక తెఱపై కనబడినపుడు బెదరక నవ్వుకొనుటను చూచుచున్నాను.

కుడి పుటలు కొన్ని యింకను ఖాళీగా నున్నవి. వానిలో రెండు మూడింటికి నాకును సరియైన తెలుగు తోచలేదు. హైదరాబాదులోను, బెంగుళూరులోను ఈ పనియే చేయుచున్న మన పూర్వవిద్యార్థులు క్రిస్మసు సెలవులకు ఊరికి వచ్చినపుడు ఒకమాఱు ఆ గదికి దయచేయవలెనని కోరుచున్నాను. పుస్తకము కిటికీ ప్రక్క బల్లపై నుండును. కలము దానికి దారముతో కట్టియున్నది.